మూడో అంతస్తు నీడ

ఇది జరిగినప్పుడే రాసిపెట్టాలని ఉండేది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. బడికి పోవాల్సిన ఈడులో పట్టుపురుగులకు ఆకు కోసే పనిలో ఉన్నాను. యాభై దాటాక సాయంత్రం బడిలో కన్నడ అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో మాట్లాడే తెలుగును రాయడం కదిరి నుంచి వచ్చిన మా కోడలు నేర్పింది. అందుకే రెండేళ్ళ కిందటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

చింతామణిలో మాది చంద్రికలు బాడిగకిచ్చే పని. చంద్రిక అంటే వెడల్పాటి వెదురు తడక, దాని మీద సుడులు తిప్పి కట్టిన వెదురు పట్టీ. పండిన పట్టుపురుగును దాని మీద వేస్తే అక్కడ గూడు కట్టుకుంటుంది. రైతు తిరిగిచ్చాక చంద్రికను బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఎండలో బాగా ఆరబెట్టాలి. తడి మిగిలితే రోగం మిగిలినట్టే, తరువాతి రైతు పంటకు అంటుకుంటుంది. మా ఇంటి ముందున్న మున్సిపాలిటీ ఖాళీ జాగాలోనే నేను ఆరబెట్టేదాన్ని.

ఆ జాగాకు దక్షిణం వైపు నాగరాజప్ప బాడిగ రూములు కట్టడం మొదలుపెట్టాడు. వైశాఖంలో పునాది తీస్తున్నప్పుడే నీడ సంగతి అడిగాను. మిట్టమధ్యాహ్నం ఆయన నా వెదురుగడ తీసుకుని నిలబెట్టి చూపించాడు.

"నీడ యాడుండాదమ్మా? గడ కిందనే ఉండాది."

నిజమే కదా అనుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాను.

మార్గశిరానికి రెండంతస్తులు లేచాయి. పొద్దున కడిగి పెట్టిన చంద్రికలు సాయంత్రానికీ ఆరడం లేదు. సోమేనహళ్ళి రైతు ఒకాయన వచ్చి, ఒకటి తీసి వాసన చూశాడు. "తడిగుండాయమ్మా. ఇవి తీసుకుపోతే నా పురుగు చస్తాది" అని వట్టి బండితోనే వెనుదిరిగాడు. మూడో అంతస్తు ఇంకా రావాల్సి ఉంది. అదీ లేస్తే నా పని అక్కడితో ఆగిపోయేదే.

భయంతోపాటు నాకు ఒక వింత కూడా పట్టుకుంది. వైశాఖంలో గడ కిందే ఉన్న నీడ ఇంత దూరం ఎలా వచ్చింది? ఆదివారం మధ్యాహ్నం నీడ అంచు వెంట ముగ్గుపిండి పోసుకుంటూ పోయాను. నాగరాజప్ప చూసి నవ్వాడు.

"ఏమమ్మా, నా మేడకు ముగ్గేస్తాండావా?"

"మేడకు కాదప్పా, దాని నీడకు. చలికాలం పొద్దు దక్షిణానికి వాలి పోతాంది. మనిద్దరమూ ఎండాకాలంలో చూసి సరే అనుకున్నాము."

పక్క సందులో ఉండే పద్మ మా మాటలు విని వచ్చింది. గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే పిల్ల.

"పెద్దమ్మా, పైన రూములు ఆపించొద్దు. ఒక్క రూములో నలుగురం పండుకుంటాండాము. పైన ఒకటి మాకిస్తానన్నాడు."

ఆ పిల్ల అడిగిందీ న్యాయమే.

ఎంత నీడ వస్తుందో చూద్దామని మేస్త్రీని గడతో మేడమీదికి పంపాం. మూడో అంతస్తు ఎంత ఎత్తో అంత గడను జాగా వైపు అంచున నిలబెట్టాడు. కొన నీడ జాగా అవతలి కాలువ దాకా పోయింది. ఇంక ఏమవుతుందో చూడాలనిపించి, "కొంచెం వెనక్కి పోప్పా" అన్నాను. ఆయన వెనక్కి పోయేకొద్దీ నీడ ఇటు జరిగింది. మేడ నడుముకు చేరేసరికి, అప్పటికే ఉన్న నీడలో కలిసిపోయింది. పొద్దు వాలేముందు మళ్ళీ చూశాం. అప్పుడూ అంతే.

"అంటే ముందర సగం వదిలిపెట్టల్నా? రెండు రూములు పోతాయి. ఆ బాడిగ నువ్విస్తావా?" అన్నాడు నాగరాజప్ప.

పద్మ అందుకుంది. "బట్టలారేసే జాగా లేకనే మేము ఇండ్లు మారుతాండామప్పా. పైన ఆ బయలుంటే యాడికీ పోము."

"ఇద్దరూ మాట్లాడుకోని వచ్చినట్లుండారే" అన్నాడాయన. ఆ తరువాత వేళ్ళ మీద బాడిగలు లెక్కేసుకున్నాడు. మేస్త్రీ దిగివచ్చాక, "గోడ వెనక్కే ఎత్తు. ఒక రూము ఈ పిల్లలకు" అన్నాడు.

పాత నీడ ఎటూ పోలేదు, సగానికి మించిన జాగాలో అలాగే ఉంది. విరిగిన చంద్రికలు అల్లుకోవడానికి ఆ నీడ పనికొస్తోంది. ఎవరైనా మేడ కడతామంటే ఒక్క కాలంలో చూసి తలూపకూడదని, ఎండాకాలాన్నీ చలికాలాన్నీ రెంటినీ అడగాలని నాకు అప్పుడు తెలిసింది.

అలవాటుగా మేడ వైపే పరిచే చంద్రికలన్నిటినీ మర్నాడు పొద్దున్నే కడిగి, ముగ్గు గీత దాటించి ఉత్తరం వైపు ఎండలోకి మార్చాను. గార్మెంట్స్ బస్సుకు పోయే పిల్లలు రోజూ వాటి చుట్టూ తిరిగి పరుగెత్తేవాళ్ళు. ఆరోజు రెండు వరసలుగా పేర్చి, నడుమ వాళ్ళు పోయేందుకు బాట వదిలాను.