కిటికీ పక్కన అక్క కుట్టుమిషన్

మొన్న వనపర్తిలో అల్లుడు కొత్తగా దిగిన అద్దె ఇంటికి వెళ్లాను. ముందుగదిలో పుస్తకాల అరలో పట్టేంత చిన్న స్పీకర్లు రెండు, కింద స్పాంజి ముక్కలు వేసి, గోడకు కాస్త దూరంగా పెట్టుకున్నాడు. “గోడకు ఆనిస్తే గుయ్యిమంటది అత్తమ్మా. జర గీ కుర్చీల కూసోండ్రి, ఎట్లుందో చెప్పుండ్రి” అన్నాడు. పిల్లవాడు మంచివాడే. మోకాళ్ల నొప్పులని చెప్పి వంటింట్లోకి పోయి నిలబడ్డాను. మోకాళ్లు నొచ్చేవాళ్లు కుర్చీ వదిలి నిలబడరని అతనికి తట్టలేదు.

ఆ పెట్టెలంటే నాకు పడదు. అందుకు కారణం మా బావ. మాది గద్వాలలో మగ్గం ఇల్లు. అక్కను వనపర్తిలో గుమాస్తా పని చేసే బావకు ఇచ్చారు. వాళ్లదీ రెండు గదుల కిరాయి ఇల్లే. మగ్గం పట్టదు కనుక అక్క కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుంది. చీరలకు ఫాల్ కుట్టేది, కొంగులకు కుచ్చులు కట్టేది, జాకెట్లు కుట్టేది. మధ్యాహ్నమైతే ఆ వీధి ఆడవాళ్లంతా కిటికీ దగ్గరే ఉండేవారు. మా నాన్న గద్దింపుల కింద పెరిగిన అక్క, ఆ మూలలో కూర్చున్నాకే గట్టిగా నవ్వడం నేర్చుకుంది.

ఒకనాడు బావ హైదరాబాదు నుంచి పాత స్పీకర్లు రెండు తెచ్చాడు. బస్సులో ఎవరినీ ముట్టనీయక, పసిపిల్లల్లా ఒడిలో పెట్టుకుని వచ్చాడట. బీరువా మీద పెడితే లోపల గాజులు గలగలమన్నాయి. గోడగూట్లో పెడితే కుండలో మూతి పెట్టి పాడినట్టుంది. చివరికి చెవుల ఎత్తుకు వచ్చేట్టు రెండు బల్లలు చేయించి, వాటి మీద షాబాదు బండలు పరిచి, సైకిల్ ట్యూబు కోసి ముక్కలు వేసి నిలబెట్టాడు. అంతా కుదిరింది. మిషన్ ఒక్కటే కుదరలేదు. అక్క తొక్కితే నేల అదిరి పాట పాడైపోతుందన్నాడు. పైగా కుడివైపు స్పీకరుకు సరైన చోటు ఆ కిటికీ పక్కనేనని తేల్చాడు.

మిషన్ రేకుల వసారాలోకి వచ్చింది. ఎండకు అక్క నుదురు మాడింది, వానకు మిషన్ తుప్పు పట్టింది. ఒకామె పెళ్లి జాకెట్టు మీద తుప్పునీళ్ల మరక పడ్డాక వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అక్క ఆ మిషన్ను బస్సు మీద వేయించుకుని గద్వాలకు వచ్చేసింది. “ఆ పెట్టెలకు బండలేసిండు, రబ్బర్లేసిండు. నన్ను మాత్రం బైటికి జరిపిండు నాయిన. నేను పోను” అంది. మా ఇంట్లో ఆమె ఎదురుమాట అనడం నేను వినడం అదే మొదలు.

నాన్నకు బావ మీద కోపం వచ్చింది. పెదనాన్నను వెంటబెట్టుకుని, నిలదీస్తానని మొదటి బస్సుకే వనపర్తి పోయాడు. సాయంత్రం వచ్చిన మనిషి మొహం వేరుగా ఉంది. బావ ఏం వాదించలేదట. “మామా, జర గీడ కూసో” అని కుర్చీలో కూర్చోబెట్టి తత్వాలు పెట్టాడట. “అబ్బ! పాడెటోడు ఎదురుంగ కూసున్నట్టే ఉంది బిడ్డా. తంబుర తీగె సుత వినబడ్డది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్” అన్నాడు నాన్న.

“నా సంగతి అడిగినవా?” అంది అక్క.

“గంత మంచిగ పాట వినెటోడు చెడ్డోడెట్లయితడు? నువ్వు పో. మిషిన్ ఈడనే ఉండనీ. ఆడ జాగ లేదంట గద.”

పెదనాన్న తలూపాడు. అమ్మ అన్నం వడ్డించింది. నాన్న తింటూ కూడా ఆ తంబుర గురించే మాట్లాడాడు. అక్క తెల్లారి బస్సెక్కింది. ఆ తర్వాత నేనెప్పుడు పోయినా బావ ఆమెను రెండు పెట్టెలకూ సరిగ్గా నడుమ కూర్చోబెట్టి, “ఇప్పుడెట్లుంది?” అని అడుగుతుండేవాడు. “మంచిగుంది” అనేది అక్క, చేతులు ఒళ్లో పెట్టుకుని. కుట్టే మనిషి చేతులు ఊరికే అలా పడి ఉండడం చూడలేక నేను వాకిట్లోకి వచ్చేదాన్ని.

ఏళ్లు గడిచాక బావ సరదా కూడా తీరిపోయింది. ఫోన్ వచ్చింది, చెవుల్లో పెట్టుకునేవి వచ్చాయి, స్పీకర్లు సజ్జ మీదికి ఎక్కాయి. కిటికీ పక్కన చోటు ఖాళీ అయింది. సంబరంగా అడిగాను, మిషన్ బాగుచేయించి పంపనా అని.

“ఇప్పుడేంది చెల్లె” అంది అక్క. “సూదిల దారం ఎక్కిస్తుంటె చెయ్యి వణుకుతుంది. కండ్లు సుత ఆన్తలేవు.”

మనం అడిగిన చోటును కాలం ఎప్పుడో ఒకనాడు ఖాళీ చేసే ఇస్తుంది. అయితే ముందు మన చేతుల్లోని పనిని తీసేసుకుని గానీ ఇవ్వదు.