మూడు దినాల ఉపాయం

పెట్టె మూత తీయగానే గుప్పుమని వాసన కొట్టింది. కొత్త రబ్బరు చెప్పుల దుకాణంలో వచ్చే వాసన, దానికి తోడు జిగురు ఘాటు. లోపల నలభై సంచులు, నలభైంటిలోనూ అవే రంగు అట్టలు, అవే ప్లాస్టిక్ గొట్టాలు, ఒక బుల్లి మోటారు, ఏది ఎక్కడ అతికించాలో బొమ్మలు వేసి చెప్పే పుస్తకం. శంషాబాద్ దాటాక హైవే పక్కనున్న ఒక ప్రైవేటు బడిలో నేను సైన్సు టీచర్‌ని. ఈ ఏడు నుంచి ఏడో తరగతికి శనివారం చివరి పీరియడ్‌లో సృజనాత్మకత నేర్పాలని, రేపు పిల్లలకు ఇంట్లోనైనా కొలువులోనైనా అక్కరకొచ్చేది అదేనని మా ప్రిన్సిపాల్ సార్ అరగంట చెప్పి ఈ పెట్టె నా చేతిలో పెట్టారు. పుస్తకంలో ఉన్నట్టు అతికిస్తే నలభై మందికీ ఒకే గాలిమర వస్తుంది. సృజనాత్మకత అంటే ఇదట! నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. మా బాపు దగ్గర నేను నేర్చుకున్నది వీళ్లలో ఒక్కరికైనా అందించకపోతే అది నాతోనే పోతుంది కదా అని మూత మళ్లీ మూసేశాను.

మాది తొండుపల్లి. ఇప్పుడు విమానాలు దిగే వైపున మాకు మూడెకరాల చెలక ఉండేది, వానాకాలం దాంట్లో జొన్న వేసేవాళ్లం. మృగశిర వానకు ఎర్రమట్టి తడిసి లేచే వాసన మొదలుకొని, దసరా ముందు జొన్నల నడుమ తెల్లగా తలలెత్తే గునుగు పూలు కోసి బతుకమ్మ కోసం రంగులద్దుకునే దాకా మా పొద్దంతా ఆ చేలోనే గడిచేది. పాలు పట్టిన కంకులు మంటలో కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి ఊచబియ్యం బుక్కేవాళ్లం, మూతులు నల్లగా మసిబారేవి. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తే, ఒక చేత్తో ముద్ద తింటూ ఇంకో చేత్తో అష్టాచెమ్మ గవ్వలు వేసేవాళ్లం, గవ్వలకు నెయ్యి అంటిందని జుట్లు పట్టుకునేవాళ్లం. కొన్న ఆటబొమ్మ ఒక్కటీ నాకు గుర్తు లేదు. బండి కావాలంటే జొన్న బెండు ఉంది, చక్రాలకు తాటికాయలు ఉన్నాయి, ఇరుసు దొరక్కపోతే అమ్మ పొయ్యి దగ్గరి పుల్ల ఉంది. అమ్మ వెతుక్కుంటూ తిట్టే తిట్లు కూడా ఉన్నాయి.

జొన్న గింజ పట్టిందంటే పిట్టలకు కబురందినట్టే. ఊరి చుట్టుపక్కల పిచ్చుకలు, గోరింకలు, చిలుకలు గుంపులు గుంపులుగా దిగేవి, ఒక్క పూట కన్నుమూస్తే ఒక సాలు ఖాళీ. ఆ జొన్నలే మాకు ఏడాది పొడుగునా రొట్టె. అందుకని తెల్లవారుజామున మంచె ఎక్కడం, బడి గంట కొట్టేదాకా కావలి కాయడం నా వంతు. నాలుగు గుంజల మీద కర్రలు పరిచి, పైన గడ్డి వేసిన ఆ మంచె మీద కూర్చుని, జొన్నరొట్టెలో ఎల్లిపాయ కారం చుట్టుకుని తింటూ, మంచుకు వణుకుతూ వడిసెల తిప్పేదాన్ని. నేను విసిరిన రాయి ఏనాడూ పిట్ట దరిదాపుల్లోకి పోలేదు, ఒకసారి మాత్రం మా ఎద్దుకు తగిలింది.

బాపు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెవి మీద బీడీ, నడుముకు కొడవలి, ఇంటి మూలన ఒక తుప్పు పట్టిన రేకు డబ్బా. ఆ డబ్బా నిండా సైకిల్ ట్యూబు ముక్కలు, వంకర మేకులు, తెగిన పలుపులు, దేనికీ మూతకాని మూతలు. ఏదీ పారేయనిచ్చేవాడు కాదు, చచ్చిన దూడ మెడలో గంట కూడా దాచిపెట్టే మనిషని అమ్మ ఎగతాళి చేసేది. ఏ పనీ ఆయన ఇట్లా చేయాలని చూపించింది లేదు. వడిసెలతో లాభం లేదని నేను ఏడుపు ముఖం పెట్టుకుని పోయిన రోజు మాత్రం ఒక మాట చెప్పాడు.

"పిట్టకు మనకన్న తెలివి ఎక్కువ బిడ్డా. ఏ ఉపాయమైనా మూడు దినాలే. నాలుగో దినం ఇంకోటి దేవులాడాలె."

ఎట్ల దేవులాడాలె, ఏడ వెతకాలె బాపూ అంటే రేకు డబ్బా నా ముందుకు జరిపి ఎడ్లను తోలుకుని వెళ్లిపోయాడు. అదీ ఆయన పాఠం.

ఒక పాత నూనె డబ్బాలో గులకరాళ్లు వేసి, బాపు దాచిన పలుపులు ముడేసి కట్టి, మంచె మీద నుంచి లాగితే గలగలలాడేలా చేశాను. పిట్టలు నిజంగానే మూడు రోజులు అటు చూడలేదు, నాలుగో రోజు ఆ చప్పుడుకు తల కూడా తిప్పకుండా తిన్నాయి. శంషాబాద్ బస్టాండు దగ్గరి క్యాసెట్ల దుకాణం వెనక పారేసిన రీలు తెచ్చి, చేను అడ్డంగా ఈ గుంజకూ ఆ గుంజకూ బిగించి కట్టాను. గాలి వీస్తే అది జుయ్యిమని మోగేది, ఎండకు తళుక్కుమనేది, నాకు ఎంత గర్వమంటే అమ్మను పిలిచి మరీ చూపించాను. అదీ మూడు రోజులే. తర్వాత బాపు పాత అంగీలతో రెండు బెదురుబొమ్మలు కట్టి నిలబెట్టాను. నాలుగో రోజు పొద్దున ఒక చిలుక ఒక బొమ్మ తల మీద కూర్చుని, కంకి కాలితో పట్టుకుని, తీరిగ్గా ఒక్కో గింజా ఒలుచుకుని తింటోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు చీకటి విడవకముందే బాపు చిరుగుల అంగీ తొడుక్కుని, తలకు రుమాలు చుట్టి, ముఖానికి మసి పూసుకుని, రెండు బొమ్మల నడుమ చేతులు చాపి నేనే నిలబడ్డాను. చీమలు పాకాయి, రెక్కలు పీకాయి, ముక్కు దురదపెట్టి ప్రాణం పోయింది. కదలలేదు. పిట్టలు వచ్చాయి, వాలాయి, ఒకటి నా భుజం దాకా వచ్చింది, అప్పుడు ఒక్క అరుపు అరిచి గంతేశాను. ఆ గుంపు లేచిన లేవడం నేను ఇప్పటికీ మరువలేదు. ఏ బొమ్మ గడ్డిదో ఏ బొమ్మ మనిషో తెలియక మర్నాటి నుంచి అవి ఏ బొమ్మనూ నమ్మలేదు.

ఆ సంబరంలో బడి గంట వినపడలేదు. మసి ముఖంతో ఆలస్యంగా పోతే మా సారు మోకాళ్ల మీద నిలబెట్టి, ఎక్కాలు రావు గానీ వేషాలు వచ్చని అందరిముందూ నవ్వాడు, ఏడాదంతా నన్ను బెదురుబొమ్మ అనే పిలిచారు. కాబట్టి ఆనాటి బడి గొప్పదని నేను చెప్పను. బడి ఎప్పుడూ బడే, కాకపోతే బడి అవతల మాకు ఒక చేను ఉండేది.

సాయంత్రం సంగతి విని బాపు శభాష్ అనలేదు. చేను చుట్టూ ఒకసారి తిరిగి, ఒక బొమ్మను పీకి భుజాన వేసుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇగ దీన్ని రేపు ఏడ నిలవెట్టాలె? నువ్వే చెప్పు."

పుట్టినప్పటి నుంచి ఎవుసం చేసిన మనిషి పదేళ్ల పిల్లను అడిగాడు. తూర్పు గట్టు చూపించాను. అక్కడే పాతాడు. పంట కోసేదాకా రోజూ సాయంత్రం అడిగాడు, రోజూ నేను చూపించాను. నా జన్మలో అంత మర్యాద మళ్లీ ఎవరూ నాకు చేయలేదు.

చెలక విమానాశ్రయానికి పోయాక శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాం. బాపుకు చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ దెబ్బకు ఆయన దగ్గర ఉపాయం లేదు, మూడు దినాలది కూడా లేదు. ఒక వానాకాలం స్నానాల గది తలుపు ఉబ్బి సరిగ్గా మూతపడకపోతే, ఎక్కడి నుంచో సైకిల్ ట్యూబు తెచ్చి, దానికి రాయి కట్టి, తలుపు తనంతట తానే మూసుకునేలా చేశాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను. నాకప్పుడు కొత్తగా ఉద్యోగం వచ్చింది, తోటి టీచర్లు ఇంటికి రాబోతున్నారు.

"గివన్నీ తీసెయ్యి బాపూ. చూసినోళ్లు నవ్వుతరు" అన్నాను.

రాయి విప్పి, ట్యూబు చుట్ట చుట్టి తీసేశాడు. ఆ తర్వాత బతికిన ఆరేళ్లూ ఇంట్లో ఏ వస్తువు చెడినా లేచి చూసింది లేదు, టీవీ ముందు కూర్చునే వెళ్లిపోయాడు. రేకు డబ్బాను పాత సామాన్లవాడికి వేసింది కూడా నేనే. పాడు నోరు, ఆ ఒక్కమాట వెనక్కి తీసుకునే వీలుంటే ఎంత బాగుండు.

అందుకే పెట్టె మూసేసిన శనివారం పిల్లల్ని అడిగాను, మీ ఇంట్లో మిమ్మల్ని పరేషాన్ చేసేది ఒకటి చెప్పండి, దానికి మీరే ఉపాయం ఆలోచించండి అని. దీనికి ఎన్ని మార్కులని ఒకడు అడిగాడు. ఇంట్లో పనికిరానివి తెచ్చి ఏదైనా చేయమంటే మరుసటి వారం సగం మంది స్టేషనరీ దుకాణంలో అమ్మే రెడీమేడ్ ప్రాజెక్టులు తెచ్చారు, మిగతా సగం అవి అయిపోయాయన్నారు. గగన్‌పహాడ్‌లో కిరాయి గదిలో ఉండే మౌనిక మాత్రం లేచి నిలబడి, నేల చూపులు చూస్తూ చెప్పింది.

"నల్లా ఎప్పుడొస్తదో తెల్వదు మేడమ్. నల్లా ఇప్పివెట్టి కింద పల్లెం బోర్లిచ్చిన. నీళ్లొస్తే మోగుతది, అమ్మ ఉరికొస్తది."

క్లాసంతా పకపకా నవ్వింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కరు దొరికారు.

ఆ సంతోషం పది రోజులు కూడా లేదు. టీచరమ్మ ఏమీ చెప్పడం లేదని, పెట్టె తెరవనే లేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ప్రిన్సిపాల్ సార్ పిలిచి, సృజనాత్మకతకు కూడా పది మార్కుల రాత పరీక్ష ఉందని, జవాబులు పైనుంచే వచ్చాయని, వాటిలో ఉన్న మాటలుంటేనే మార్కులని, నా వల్ల కాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని మెత్తగానే చెప్పారు. నా ఇల్లు ఈ జీతం మీదే నడుస్తుంది. పెట్టె తెరిచాను, నలభై గాలిమరలు తిరిగాయి.

మా బడి మేడ మీద నుంచి చూస్తే మా చెలక ఉండిన వైపు కంచె, దాని వెనక తెల్లటి సిమెంటు కనిపిస్తాయి. ఇప్పుడు అటు జొన్న లేదు, గునుగు లేదు, ఊచబియ్యం అంటే ఏమిటో నా క్లాసులో ఒక్కరికీ తెలియదు. పోనీ, చేలు పోతాయి, పంటలు మారతాయి, దానికి సర్దుకుపోవచ్చు. పిల్లను నిలబెట్టి, నువ్వే చెప్పు అని అడిగే మనిషి లేకుండా పోవడమే నాకు మింగుడుపడదు.

నిన్న పరీక్షకు ముందు జవాబులు బోర్డు మీద రాశాను. సృజనాత్మకత అనగానేమి? ఐదు లక్షణాలు, వరుస తప్పకుండా. అందరూ తలలు వంచి నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. మౌనిక చేయి ఎత్తింది.

"మేడమ్, మా నల్లా సంగతి రాయొచ్చా?"

అప్పటికే రెండు వరుసలు రాసేసి ఉంది. నేను బోర్డు వైపు చూశాను, గోడ గడియారం వైపు చూశాను.

"వద్దమ్మా, మార్కులు పోతాయి. బోర్డు మీద ఉన్నదే రాయి."

ఆమె రబ్బరుతో ఆ రెండు వరుసలూ చెరిపేసింది. కాగితం దులిపి, బోర్డు చూసి రాయడం మొదలుపెట్టింది. ఈ పొద్దున ఆమె పరీక్ష పేపరు దిద్దాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పదికి పది వేశాను.