పసుపు ముంచిన తెల్లచీరలు

విజయనగరంలో జ్ఞానసుందరమ్మ కొందరికి జాకెట్లు కుట్టే మనిషి, మరికొందరికి బాప్టిస్టు చర్చి స్త్రీల సమాజం కార్యదర్శి. ఆవిడంటే మాత్రం అందరికీ భయమే. ఆరాధనలో ఎవరి ఫోనైనా మోగిందా, ఆవిడ వెనక్కి తిరిగి చూసే ఒక్క చూపుకి ఆ మనిషి ఫోను తేవడమే మానేస్తాడు. కొడుకు పెళ్ళిలో కోడలు బేబీ తాలూకు చుట్టాలెవరో పసుపునీళ్ళ గిన్నె తెస్తే, గిన్నెతో సహా వీధిలోకి పంపించేసింది. కూరలో తప్ప పసుపు ఇంకెక్కడా కనబడకూడదని ఆవిడ పట్టుదల.

ఆ ఏడు తుపాను సముద్రం ఒడ్డునున్న భావనపాడు మీద విరుచుకుపడింది. చర్చివాళ్ళు సాయానికి బయల్దేరారు. బియ్యం మూటలు, పప్పు, నూనె, పసుపు, కారం పొట్లాలు అన్నీ సమాజం ఆడవాళ్ళే కట్టారు. చీరలు కూడా పోగుచేద్దామన్నది జ్ఞానసుందరమ్మ. ఆదివారం చర్చికి ఆడవాళ్ళందరూ తెల్లచీరలే కడతారు కాబట్టి ప్రతి బీరువాలోనూ అవే ఉంటాయి. ఇంటింటికీ తిరిగి మంచివి తీయించి, తనే ఇస్త్రీ చేసింది. వ్యాన్లో పాస్టరు సత్యానందంగారికి దారిపొడుగునా అదే పాట.

"ఒక్కటైనా సిరిగింది లేదయ్యగారూ. దేవుడి దగ్గరికి కట్టుకెళ్ళే చీరలండి ఇవి!"

కోటబొమ్మాళి దాటాక వరసగా కూలిపోయిన కొబ్బరిచెట్లు కనబడేసరికి ఆవిడ మాట ఆగిపోయింది.

భావనపాడులో బియ్యం, పొట్లాలు చకచకా పంచేశారు. చీరల మూట విప్పగానే వరసలో ఉన్న ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. మొహమాటం కాబోలనుకుంది జ్ఞానసుందరమ్మ. ముందున్న తవిటమ్మ చేతిలో ఓ చీర పెట్టేసింది.

తవిటమ్మ మొగుడు అసిరయ్య తుపానుకు ముందే ఒడిశా వైపు చేపల వేటకెళ్ళిన పడవలో ఉన్నాడు. ఆ పడవ జాడ ఇంకా తెలియలేదు. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి సాయానికొచ్చినవాళ్ళకే తెలీదు.

"ఏటమ్మా ఇది! మావోడు ఇంకా ఇల్లు సేరనేదు, నన్నప్పుడే ముండని సేసీసినావేటి?" అని తవిటమ్మ చీరను ఇసకలో పడేసింది.

ఇస్త్రీ చీర ఇసకలో! జ్ఞానసుందరమ్మకు ఒళ్ళు మండింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచి, తవిటమ్మ మొహం చూసి మూసుకుంది. తన భర్త పోయిన రోజున కూడా జ్ఞానసుందరమ్మ ఆదివారం చీరే కట్టుకుంది. తెలుపంటే ఆవిడకు పరలోకం. ఎదురుగా ఉన్న మనిషికి అదే తెలుపు మొగుడి చావు కబురు. ఈ నేల మీదే పుట్టి పెరిగి ఇంత చిన్న సంగతి తట్టకపోవడమేమిటి? ఎప్పుడూ చర్చి గోడ దాటి చూస్తే కదా! ఆవిడకు నిజంగా సిగ్గేసింది.

"తప్పయిపోయిందమ్మా. ఏటి సెయ్యమంటావో సెప్పు."

"పసుపు ముంచియ్యి," అంది తవిటమ్మ. "నీ సేత్తోనే ముంచియ్యి. అప్పుడు కడతాను."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "సుందరమ్మా, ఇది కమిటీని అడగాల్సిన సంగతి. బియ్యం ఇచ్చాం కదా, చీరలు వెనక్కి పట్టుకుపోదాం."

ముంచితే చర్చిలో ఏమంటారో జ్ఞానసుందరమ్మకు బాగా తెలుసు. ఇంకెవరైనా ముంచి ఉంటే ఆ మాటలన్నీ మొదట తనే అనేది. ముంచకపోతే ఈ మనిషి అపశకునం గుండెల్లో పెట్టుకుని ఇంటికెళ్తుంది.

"కమిటీకి మొగుడు తప్పిపోనేదు కదండీ," అని కొంగు బొడ్లో దోపుకుంది.

వ్యాన్లో మిగిలిన పసుపు పొట్లాలు విప్పి, నూతి దగ్గర టబ్బులో కలిపింది. ఇంకాస్త ఎయ్యి, అంచు తడవనేదు అంటూ ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరి ఆవిడకే పాఠం చెప్పారు. మోచేతులదాకా పసుపయింది.

చీర అందుకుంటూ, "మావోడు వస్తాడని సెప్పు," అంది తవిటమ్మ.

"అబద్ధం సెప్పలేనమ్మా. వస్తాడో రాడో నాకు తెల్దు. పంపించమని అడుగుతాను."

ప్రార్థన మొదలెడితే అన్నాలు చల్లారిపోతాయని పేరున్న మనిషి, "ప్రభువా, అసిరయ్యని ఇంటికి పంపించు," అని ఊరుకుంది.  తన నంబరిచ్చి, ఏ కబురొచ్చినా ఫోను చెయ్యమంది.

ఆ వారమంతా జాకెట్లు వంకరగానే కుట్టింది. ఫోను పక్కనే పెట్టుకుంది. అది మోగలేదు.

ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజనం, అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. రొట్టె పళ్ళెం వరసలోకి వచ్చింది. ఆవిడ చెయ్యి చాచగానే పక్కనున్న పద్మకుమారి ఆ గోళ్ళలో పసుపు చూసి కళ్ళు పెద్దవి చేసింది. జ్ఞానసుందరమ్మ చెయ్యి దాచుకోలేదు. సరిగ్గా అప్పుడే ఆవిడ సంచిలో ఫోను మోగింది.

చర్చి మొత్తం ఆవిడ వైపు తిరిగింది. ఎన్నాళ్ళకి దొరికిందన్న సంబరం కొందరి మొహాల్లో బాగానే కనబడింది. ఆవిడ కూర్చున్నచోటే ఫోను తీసింది. విని, లేచి నిలబడింది.

"అయ్యగారూ, అసిరయ్య వచ్చీసాడు!"

పాస్టరుగారు ప్రసంగపీఠం దగ్గరే గట్టిగా "స్తోత్రం!" అన్నారు. కమిటీ మాటే ఎత్తలేదు. ఫోనులో తవిటమ్మ ఇంకా చెబుతూనే ఉంది. ఇప్పుడు అమ్మా అనడం లేదు, తోడబుట్టినదాన్ని పిలిచినట్టు అప్పా అంటోంది.

"ఒడ్డుకి పరిగెత్తినానప్పా. నువ్విచ్చిన కోక కట్టుకునే ఎదురెళ్ళినాను."