గంట మోగని రీలు

నివెస్ టేపు రీళ్ళ పెట్టె చంకన పెట్టుకుని నా వంటింట్లో అడుగు పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను కొండ పుట్టగొడుగులు ఆరబెట్టుకునే యంత్రం మీదే ఆవిడ కన్ను. పాత టేపులు చెమ్మ పట్టి బంకసాగుతాయట. ఎనిమిది గంటలు సన్నని వేడిలో ఉంచితే గానీ తిరగవట.

“మరి నా పుట్టగొడుగులు నా నెత్తి మీద ఆరబెట్టుకోనా?” అన్నాను.

“నీ నెత్తి దీనికన్నా వేడిగానే ఉంటుంది కదే పల్మీరా!” అంది.

దాని నోటితో గెలిచినవాళ్ళు మా సవోనా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

మా మేడలోనే మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. ముప్పై రెండేళ్ళు రేవులో ఓడల రేడియోలు బాగుచేసింది. ఆ హోరుకే ఎడమ చెవి పోయింది. మిగిలిన ఒక్క చెవితో ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ పాత టేపులు బాగుచేస్తుంది. మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చుంటే భలే మత్తుగా ఉంటుంది. కిటికీలో సముద్రం మీద మంచు, బల్ల మీద రీలు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, చచ్చిపోయినవాళ్ళెవరో పక్కగదిలో నవ్వుతారు. నేను చాలాసార్లు అక్కడే కునుకు తీశాను.

ఈసారి వచ్చినవి పన్నెండు రీళ్ళు. డెబ్భైలలో మా ఊరి కుర్రాళ్ళు ‘ఉప్పు గడియారం’ అని ఒక రాక్ బ్యాండు కట్టి, చర్చి గంటగోపురం కింది గదిలో సాధన చేసేవాళ్ళు. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. ఎక్కడ మొదలైందో వాయించేవాళ్ళకే గుర్తుండదేమో! రీళ్ళు తెచ్చిచ్చింది అప్పట్లో డ్రమ్స్ వాయించిన ఎత్సియో. ఆర్గన్ వాయించిన లోరిస్ అతని తమ్ముడు.

డెబ్భై నాలుగులో, ఈస్టర్ ముందు బుధవారం నాడు అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. “పాటంతా నీ ఆర్గనే నింపేస్తే నాకు చోటేదిరా? చచ్చినా ఇక నీతో వాయించను” అని ఎత్సియో కర్రలు విసిరేసి వెళ్ళిపోయాడు. శనివారం తెల్లవారుతుండగా కొండ మలుపులో స్కూటరు జారి లోరిస్ పోయాడు. ఎత్సియో మళ్ళీ కర్రలు పట్టలేదు.

పన్నెండో రీలులో లోరిస్ ఒక్కడే ఉన్నాడు. ఆ గొడవకు కారణమైన పాటే వాయిస్తూ, సగంలో ఆపి అంటాడు: “ఒరేయ్ అన్నయ్యా, ఇదిగో, ఈ ఎనిమిది ఆవర్తాలూ నీవే. నేను ముట్టుకుంటే నా చెయ్యి విరగ్గొట్టు.” తర్వాత ఖాళీ. మళ్ళీ ఆర్గన్.

ఎత్సియో అది విని టోపీ తీసి నలుపుతూ అడిగాడు.

“అమ్మా నివెస్, ఇది ఆ బుధవారానికి ముందుదా, తర్వాతదా? ఆ ఒక్కటీ చెప్పు. ముందుదైతే మొదట చోటిచ్చి, ఆనక లాగేసుకున్నాడన్నమాట. తర్వాతదైతే...” అని ఆగిపోయాడు.

డబ్బా మీద లోరిస్ చేతిరాత స్పష్టంగా ఉంది: మార్చి ఐదు. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్‌లో వచ్చింది, అంటే ముందుదే.

కానీ నివెస్ డబ్బాలను నమ్మదు. మిగతా పదకొండు రీళ్ళకూ తేదీలు కట్టింది గంటతోనే. గోపురం గంట పావుగంటకోసారి మోగేది, ప్రతి రీలులోనూ పడింది. డెబ్భై మూడు శరత్కాలం దాకా బీటలు వారిన పాత గంట, ఆ తర్వాత కొత్తది. ఈ పన్నెండో రీలులో మాత్రం నలభై నిమిషాలు గడిచినా ఒక్క గంట లేదు. గోపురం కిందే కూర్చుని గంట వినపడకపోవడమేమిటి? మూడు రోజులు తిండి సరిగ్గా తినలేదు మహాతల్లి.

నాలుగో రోజు నేనే వేడివేడి శనగపిండి అట్టు కోసుకుని పైకి పట్టుకెళ్ళాను. శుభ్రం చేయని పాత రికార్డింగు పెట్టి వింటోంది.

“ఈ గరగర విన్నావా? టేపు పొర రాలిన చప్పుడు. సరిగ్గా ఆ ఖాళీలోనే పడింది, దరిద్రం. శుభ్రం చేసిన కాపీలో తుడిచిపారేశాలే” అంది.

విన్నాను. నా చేతిలో అట్టు చేతిలోనే ఉండిపోయింది.

“ఒసేయ్ మొద్దూ! అది పొర కాదే, నేనే!”

ఈస్టర్ ముందు గురువారం సాయంత్రం మా ఊళ్ళో గంటలు కట్టేస్తారు. శనివారం రాత్రి దాకా అవి నోరెత్తవు. ఆ రెండు రోజులూ గంటలకు బదులు పిల్లలం కొయ్య గిలకలు గరగర తిప్పుకుంటూ సందుసందునా తిరిగి మధ్యాహ్నం అయిందని చాటేవాళ్ళం. ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు. అందరికన్నా ముందు పరిగెత్తింది నేనే.

నివెస్ వేళ్ళు మడిచి లెక్క చూసింది. పాట కట్టింది ఆ చలికాలంలోనే. శనివారం మధ్యాహ్నానికి లోరిస్ లేడు. మిగిలింది శుక్రవారం ఒక్కటే.

“మరి మార్చి అని ఎందుకు రాశాడే?”

“రాయడా మరి! గంటలే మోగని గుడ్ ఫ్రైడే నాడు చర్చి గదిలో ఆర్గన్ మోగించాడని తెలిస్తే ఫాదర్ తెరెన్సియో తట్టాబుట్టాతో సహా గెంటేసేవాడు.”

నివెస్ తన నెత్తి తనే మొట్టుకుంది. తుడిచేసిన చప్పుడును మళ్ళీ యథాస్థానంలో పెట్టింది.

సాయంత్రం ఎత్సియో వచ్చాడు. సంగతంతా నేనే చెప్పాను.

“పెట్టమ్మా” అన్నాడు నివెస్‌తో.

రీలు తిరిగింది. ఆర్గన్ మంచులోంచి వస్తున్నట్టు వచ్చింది. లోరిస్ మాట వినపడింది. ఖాళీ వచ్చింది, దూరంగా సందులో నా గిలక. ఎత్సియో చేతులు బల్ల అంచు మీదికి లేచాయి గానీ కదల్లేదు. ఎనిమిది ఆవర్తాలూ అలాగే గడిచిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు.

“అందుకోలేకపోయానురా” అన్నాడు రీలుతో. తర్వాత నివెస్ వైపు తిరిగి, “మళ్ళీ మొదటినుంచి పెట్టు. ఆ పిల్ల గిలక మాత్రం తియ్యకు. ఇన్నేళ్ళూ నా చోటు చూసుకుంది” అన్నాడు.

నివెస్ రీలు వెనక్కి తిప్పింది. ఈసారి లోరిస్ మాట పూర్తవగానే ఎత్సియో వేళ్ళు బల్ల మీద పడ్డాయి.