రేడియో ఆపి చూడని డ్రోన్: హఫీజ్‌పేట్ నుంచి తెల్లాపూర్ దాకా

హఫీజ్‌పేట్ నుంచి తెల్లాపూర్ అవతలి ఖాళీ ప్లాట్ల దాకా వెళ్ళి రావడం కూడా ఒక ప్రయాణమేనా అని మీరు నవ్వొచ్చు. లోకల్ రైలు, ఆటో, కాస్త నడక, అంతే. కానీ కిట్ కొని సొంతంగా చిన్న రేసింగ్ డ్రోన్ బిగించుకోవాలని, గాగుల్స్ పెట్టుకుని దాని కళ్ళతో చూస్తూ ఎగరేయాలని ఈ ఊళ్ళో చాలామందికి సరదా. ఎంతవుతుంది, ఎక్కడికి వెళ్ళాలి అని నన్ను అడుగుతూనే ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజు నా వల్ల ఒక మనిషికి రావలసిన ఉద్యోగం రాకుండా పోయింది. ఆ సంగతి దాచి దారీ ఖర్చూ మాత్రం చెబితే నేను మళ్ళీ అబద్ధం ఆడినట్టే.

ఆ మనిషి పేరు మల్లేశ్. హైటెక్ సిటీలో మా ఆఫీసుకి తొమ్మిదేళ్ళు నైట్ షిఫ్ట్ క్యాబ్ నడిపాడు. వాన పడినా, రోడ్లు మునిగినా నన్ను ఇంటి గేటు దగ్గర దింపి, లోపల లైటు వెలిగాకే బండి కదిలించేవాడు. మా ఆఫీసు క్యాబులు ఎత్తేశాక వేరే కంపెనీకి అదే రాత్రి డ్యూటీ చేస్తూ, పగలు బోరబండలో తన గదిలోనే సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఆయన భార్యకి బట్టల షోరూంలో పగటి పని. ఆవిడ ఇంటికొచ్చే వేళకి ఈయన బయల్దేరతాడు. మొగుడూ పెళ్ళాం తీరిగ్గా ఎదురెదురు కూర్చుని అన్నం తినేది ఆదివారమే. మా కాలనీలో ఉండే రాఘవరావు గారు డ్రోన్లతో పొలాలూ స్థలాలూ సర్వే చేసే చిన్న సంస్థ నడుపుతారు. డ్రోన్లు బాగుచేసి ఎగరేసే మనిషి కావాలని ఆయన అన్నప్పుడు నేను మల్లేశ్ పేరు చెప్పాను. సర్టిఫికెట్లు అక్కర్లేదండీ, సొంతంగా ఒకటి బిగించి తెచ్చి నా ముందు ఎగరేస్తే చాలన్నారాయన. ఈ మాట మోసుకెళ్తే మల్లేశ్ జీతం ఎంతని కూడా అడగలేదు. "పగటి డ్యూటీయేనా మేడం? పగలు పని జేసి రాత్రి ఇంట్ల పండుకుంటే సాలు నాకు," అన్నాడు.

కిట్ పద్నాలుగు వేలకి ఆన్‌లైన్‌లో దొరికింది. కార్బన్ ఫ్రేము, నాలుగు మోటార్లు, మెదడులాంటి ఒక చిన్న బోర్డు, కెమెరా, ఆ బొమ్మని గాలిలో పంపే ట్రాన్స్‌మిటర్, రేడియో మాట వినే రిసీవర్, అన్నీ అరచేతిలో పట్టేవే. చేత పట్టుకుని రెండు పుల్లలతో డ్రోన్‌ని నడిపే రేడియోకి ఐదు వేలు, డబ్బాలాంటి చౌక గాగుల్స్‌కి ఇంకో ఐదు, బ్యాటరీలకీ ఛార్జర్‌కీ నాలుగు. బ్యాటరీతో కలిపి రెండు వందల యాభై గ్రాములు దాటకుండా చూసుకున్నాం, ఎందుకంటే ఆ బరువు దాటితే నియమాలు పెరుగుతాయి. మల్లేశ్ గది పిండి గిర్నీకి సరిగ్గా పైన. కింద గిర్నీ తిరిగితే పైన బల్ల వణుకుతుంది, సోల్డరింగ్ ఐరన్ మొన నిలవదు. అందుకని గిర్నీ ఆగినప్పుడల్లా రెండు మూడు జాయింట్లు పెట్టి, మళ్ళీ మొదలవగానే చెయ్యి తీసేసేవాడు. మూడు ఆదివారాలు పట్టింది. ఒక్కో జాయింటూ మెంతిగింజలా నున్నగా వచ్చింది.

నా పని పరీక్షలు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, పన్నెండేళ్ళుగా అదే తిండి పెడుతోంది. ఏమేం చూడాలో ఇరవై రెండు వరసల పట్టిక తయారుచేశాను. పదిహేడో వరస: రేడియో ఆపేస్తే మోటార్లు ఆగాలి. దీన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. గాలిలో ఉండగా సిగ్నల్ తెగితే డ్రోన్ ఇష్టం వచ్చినట్టు పోకుండా అక్కడే రాలిపడాలన్నమాట. గురువారం అన్నీ చూశాను, అన్నిటికీ పాస్ అని రాశాను. శనివారం మధ్యాహ్నం సంచిలో సర్దుతూ నేనే రిసీవర్ యాంటెన్నా విరగ్గొట్టాను. మల్లేశ్ అప్పటికప్పుడు కోఠీ వెళ్ళి, అదే రేడియోకి పనిచేసే పాత రకం రిసీవర్ వెతికి తెచ్చి అతికించాడు. మోటార్లు తిరిగాయి, పుల్లలు తిప్పితే మాట విన్నాయి.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అన్ని పరీక్షలూ మొదటి నుంచి చేయాలన్నది కాగితం మీద రూలు. మేం చేసేది వేరు. పాత పట్టిక కాపీ చేసి, మారినవి రెండు మూడు చూసి, మిగతా వాటి మీద పాస్ అలాగే ఉంచి తేదీ మారుస్తాం. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఆ శనివారం సాయంత్రం నేను అదే చేశాను. అన్నీ చూసిన్రా మేడం అని మల్లేశ్ అడిగితే చూశానండీ అన్నాను. రేడియో ఆపి చూడటానికి పది సెకన్లు పట్టదు. ఆ పది సెకన్ల బద్ధకం గురించి ఇప్పుడు ఎన్ని పేరాలు రాసినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆదివారం పొద్దున ఏడున్నరకి హఫీజ్‌పేట్ స్టేషన్‌లో లింగంపల్లి వైపు వెళ్ళే లోకల్ ఎక్కాను. మల్లేశ్ బోరబండలోనే ఎక్కి నాకు సీటు ఆపి ఉంచాడు. టికెట్ ఐదు రూపాయలు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, డ్రోన్ ఉన్న అట్టపెట్టెని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫ్రేము ఒక కాలికి పసుపు బొట్టు కనిపించింది. వాళ్ళావిడ పెట్టిందట, లెన్స్‌కి తగలనీయలేదు అని ఆయనే నవ్వాడు. లింగంపల్లిలో దిగితే తెల్లాపూర్ వైపు షేర్ ఆటోలు ఉంటాయి, తలకి ఇరవై. మేం వెళ్ళాల్సిన వెంచర్ ఇంకా లోపల కాబట్టి నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాం. పెట్టెలో ఏంది అని డ్రైవర్ అడిగాడు. మల్లేశ్ మూత తీసి చూపించాడు. గిది ఎగిరితే ఏమొస్తదన్నా అంటే, పగటి డ్యూటీ వస్తది అన్నాడు మల్లేశ్. డ్రైవర్‌కి అర్థం కాలేదు, అయినా ఇద్దరూ నవ్వుకున్నారు.

గేటెడ్ కమ్యూనిటీల గోడలు దాటాక సున్నం పూసిన హద్దురాళ్ళతో ఖాళీ ప్లాట్లు మొదలవుతాయి. దూరంగా సగం లేచిన టవర్లు, వాటి ముందు కూలీల రేకుల షెడ్లు. ఆ స్థలం యజమాని అనుమతి రాఘవరావు గారు ముందే తీసుకున్నారు. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో ఆ చోటు ఆకుపచ్చగా ఉందని, అంటే ఎగరేయొచ్చని, ఫోన్‌లో చూపించారు కూడా. ఎనిమిదిన్నరకి గాలి లేదు. వెదురుకర్రలకి గుడ్డ కట్టి మూడు గేట్లు పాతారు. ఆయన ఒక గాగుల్స్, మల్లేశ్ ఒకటి పెట్టుకున్నారు, నా దగ్గర చిన్న తెర ఉంది. మొదటి బ్యాటరీతో ఎగరేసిన ఆ కొద్ది నిమిషాలని నేను ఎప్పటికీ మర్చిపోను. రెండు నెలలు కంప్యూటర్ మీద ఆటలా సాధన చేసిన చెయ్యి అది. మూడు గేట్లూ సూదిలో దారంలా దాటించాడు, హద్దురాళ్ళ మీదుగా పడుకున్నట్టు పోనిచ్చి మా నెత్తి మీంచి తిప్పి తెచ్చాడు. గాగుల్స్ తీశాక కళ్ళలో నీళ్ళు. వెలుతురుకి మేడం అన్నాడు. సోమవారం ఆఫీసుకి రండి మాట్లాడదాం, ఇంకొక్క బ్యాటరీ అదిగో ఆ గోడ వెనక దాకా వేయండి అన్నారు రాఘవరావు గారు.

గోడ వెనక్కి వెళ్ళగానే నా తెర మీద చీమలు కమ్మాయి. సిగ్నల్ తెగింది. రాలిపడుతుందిలే, వెళ్ళి ఏరుకోవచ్చు అనుకున్నాను. రాలలేదు. ఆ పాత రిసీవర్ సిగ్నల్ పోతే చివరి ఆదేశాన్నే పట్టుకుని కూర్చునే రకం. గోడ మాటునే, కందిరీగలా మోగుతూ నేరుగా కూలీల షెడ్ల మీదకి పోయింది. మల్లేశ్ పుల్లలు ఎటు లాగినా వినదు. రేకుల చప్పుడు మాకు ఇక్కడికే వినబడింది. ముగ్గురం పరిగెత్తాం. పొయ్యి పక్కన నేల మీద డ్రోన్ ముక్కలై ఉంది, పప్పు గిన్నె బోర్లాపడి ఉంది. పాలమూరు నుంచి పనికొచ్చిన ఒక ఆమె గంటె పట్టుకుని నిలబడి ఉంది. "ఉప్పుకోసమని గిప్పుడే లేసిన ఆడికెల్లి," అంది. తిట్టలేదు. ఆ ఒక్క మాటే రెండు సార్లు అంది.

రాఘవరావు గారి ముఖం మారిపోయింది. డ్రోన్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. నేల తాకిన దెబ్బకి బ్యాటరీ తీగ బోర్డు నుంచి ఊడి వేలాడుతోంది. ఇదీ సంగతి, జాయింట్ వదులైందండీ, అందుకే అదుపు తప్పింది అన్నారు. నాకు అప్పటికే అర్థమైంది. పదిహేడో వరస కళ్ళ ముందు కనబడుతోంది. తీగ ముందే ఊడితే మోటార్లకి కరెంటే ఉండదు, షెడ్డు దాకా ఎగరదు, ఆ మాత్రం ఒక్క క్షణం ఆలోచిస్తే ఆయనకీ తెలుస్తుంది. చెప్పడానికి నాకు ఎంతసేపు పడుతుంది? తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మల్లేశ్ ఆ తీగ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను నేల చూశాను. "నాదే తప్పు సార్," అన్నాడు.

మనుషుల నెత్తిన ఎగిరే పని, చెయ్యి గట్టిగా లేనివాళ్ళని పెట్టుకోలేనండీ అని రాఘవరావు గారు మర్యాదగానే చెప్పి కారెక్కారు. మల్లేశ్ ఆ ఆమెకి పప్పు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. గిన్నె తోమి ఇచ్చి వచ్చాడు. తెల్లాపూర్ రోడ్డు మీద టీ బండి దగ్గర నాకు కూడా చాయ్ ఆయనే చెప్పాడు, పరేషాన్ గాకుండ్రి మేడం అని నన్నే ఓదార్చాడు. వచ్చేటప్పుడు రైల్లో పెట్టె ఒళ్ళో కాకుండా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. హఫీజ్‌పేట్ వస్తే, బోర్డు చూసి ఇస్తానని ఆ పెట్టె తీసుకుని దిగిపోయాను.

ఆ మధ్యాహ్నం బోర్డుని లాప్‌టాప్‌కి తగిలించాను. ప్రతి క్షణం ఏం జరిగిందో అందులో రాసి ఉంటుంది. సిగ్నల్ తెగిన చోట నుంచి నేల తాకే దాకా బ్యాటరీ కరెంటు నిలకడగా ఉంది, మోటార్లు చివరి ఆదేశం మీదే తిరిగాయి. ఆయన జాయింట్ ఆఖరి క్షణం దాకా నిలబడింది. నిలబడనిది నేను. అయినా ఫోన్ తీయడానికి వారం పట్టింది. వచ్చే ఆదివారం చెబుదాం, ముఖాముఖి అయితే బాగుంటుంది అని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. చివరికి ఆ రికార్డుని గీతలుగా ప్రింటు తీసిన కాగితం పట్టుకుని బోరబండ వెళ్ళాను. గిర్నీ తిరుగుతోంది, మల్లేశ్ ఐరన్ పక్కన పెట్టి ఎవరిదో ఫోన్ ముందు కూర్చున్నాడు. కాగితం ఆయన చేతికిచ్చి మొత్తం చెప్పాను. ఆయన కాగితం విప్పను కూడా లేదు.

"ఎరికే మేడం. నా జాయింట్ నాకు తెల్వదా?"

మరి అప్పుడే ఎందుకు అనలేదండీ అని అడిగాను. ఇలా అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

"మీరు చెప్తరని చూసిన," అన్నాడు.

కింద గిర్నీ ఆగింది. ఆయన ఐరన్ తీసుకుని పనిలో పడ్డాడు. గది బయట మెట్ల మీద నిలబడే రాఘవరావు గారికి ఫోన్ చేశాను. అంతా విని, మీరు ఆ రోజే చెప్పాల్సిందండీ, శుక్రవారం ఒకతన్ని తీసేసుకున్నాం అన్నారు.

ఇప్పటికీ మల్లేశ్ రాత్రి డ్యూటీలోనే ఉన్నాడు. నా ఉద్యోగం నాకుంది, నా పట్టికల్లో తేదీలు ఇప్పటికీ మారుతూనే ఉన్నాయి, ఎవరూ అడగట్లేదు. తెల్లాపూర్ దారి తేలిక, ఖర్చు మధ్యతరగతి చేతికి అందేదే, గాగుల్స్‌లోంచి నేల చూడటం నిజంగా గొప్ప అనుభవం. ఇవన్నీ నిజమే. కానీ నాకు తొమ్మిదేళ్ళు లైటు వెలిగే దాకా కాపలా కాసిన మనిషి, ఆ షెడ్డు ముందు నా నోటి నుంచి ఒక్క మాట వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాడు, అది రాలేదు. ఈ పోస్టు పెట్టే ముందు ఆయనకి చదివి వినిపిస్తానన్నాను. వద్దు మేడం, డ్యూటీకి టైమైంది అన్నాడు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. రిసీవర్ మార్చినా, ఒక్క తీగ మార్చినా, ప్రొపెల్లర్లు విప్పేసి మోటార్లు తిప్పండి, రేడియో ఆపండి, మోటార్లు ఆగాయో లేదో మీ కళ్ళతో చూడండి. అన్నీ చూశారా అని పక్కనున్నవాళ్ళు అడిగితే, చూశాకే చూశానని చెప్పండి.