వరద గుంతలో కాకి

చచ్చినవాళ్ళు తిరిగొస్తారంటే నేను నమ్మను. మా బట్టల అంగట్లో కూర్చుని అలాంటి కథలు చెప్పేవాళ్ళను ఎంత ఏడిపించానో ప్రొద్దుటూరులో మా వీధంతటికీ తెలుసు. ఇది మాత్రం నా కళ్ళతో చూశాను.

మా ఊరి పల్లాన పెద్ద గుంత ఉంది. వానకు వీధులు మునగకుండా, నీళ్ళన్నీ కాలువగుండా అందులోకి చేరాలని తవ్వారు. పోనుపోను జమ్ము దట్టంగా పెరిగింది, కొంగలూ నీటికోళ్ళూ కాపురం పెట్టాయి. పక్షులుంటాయి కదా అని, తద్దినాలప్పుడు కాకికి పిండం పెట్టడానికీ అక్కడికే వెళ్తున్నాం.

నాయన సంవత్సరీకం నాడు నేనూ, తమ్ముడు హరీ వెళ్ళాం. ఎండ మాడిపోతోంది. గట్టు మీద ఆకులో పిండాలు పెట్టి దూరంగా నిలబడ్డాం. ఒక్క కాకీ రాలేదు. పోయినవాళ్ళకు కోరికేదో మిగిలితే కాకి ముట్టదంటారు. అందుకని పైకే మాటలిచ్చాను. అమ్మను చూసుకుంటాను, అంగడి మూయను, అక్కను పుట్టింటికి పిలుస్తుంటాను. ఊహూఁ.

"కొంగలకు బెదిరినట్టుండాయి. తోలొస్తా ఉండన్నా" అని హరి గుంతలోకి దిగాడు.

"యాడికి పోతాండావురా? బురద శానా ఉంది!"

వినలేదు. మోకాలి లోతు బురదలో జమ్ము దాకా వెళ్ళాడు. ఉన్నట్టుండి పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గుంతంతా నిశ్శబ్దమైపోయింది. నాకెందుకో భయమేసింది.

అప్పుడొచ్చింది ఒక కాకి. హరి నెత్తిన తన్నింది. వాడు పక్కకు తిరిగితే మళ్ళీ తన్నింది. గట్టువైపు నడిస్తే ఊరుకుంది, ఆగితే తన్నింది. వాడు తిట్టుకుంటూ, పడుతూ లేస్తూ పైకొచ్చాడు.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడో లేదో, కాలువలోంచి ఎర్రనీళ్ళు హోరుమని దూకాయి. ఎగువన ఎక్కడో కుండపోతట, మాకు చినుకు కూడా లేదు. వాడు ఇందాక నిలబడిన చోట జమ్ము కొసలు కూడా మునిగిపోయాయి. వాడికి ఈత రాదు.

"కాకి తన్నిందే అన్నా..." అంటూ నాకు ఆనుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాను.

"ఏం గాదులేరా. నిన్ను నేను చూసుకుంటా."

తిరిగి చూస్తే కాకి పిండం తింటోంది.

గూడు దగ్గరికెళ్తే కాకి తంతుందని నాకూ తెలుసు. కానీ ఆ గుంతలో చెట్టే లేదు. నాయన చివరిదాకా కలవరించింది హరి గురించే. ఇది ఏమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

కాకి తంతే కీడని, వెంటనే తలకు పోసుకోవాలని మా ఇళ్ళలో పట్టింపు. అమ్మ నీళ్ళు కాచి పిలిచింది. ఆ రోజు హరి పోసుకోనన్నాడు.