అద్దానికి సాయం

“ఎముక విరిగిందంటారా అత్తయ్యా?”

“డాక్టరు చూడకముందే నువ్వు విరిచెయ్యకు బాబూ,” అందావిడ.

ఎక్స్‌రే గది బయట బల్ల మీద అత్తా అల్లుడూ పక్కపక్కన కూర్చున్నారు. నాలుగేళ్ల పాప తండ్రి ఒళ్లో వెక్కుతోంది. కుడిచేతి రెండు వేళ్లు కందిపోయి ఉబ్బాయి.

అత్తగారు ఆడవాళ్లకు కారు నడపడం నేర్పుతుంది. మొగుళ్లు విసుక్కుని వదిలేసినవాళ్లని, లారీ కనబడితే కళ్లు మూసుకునేవాళ్లని ఎందరినో రోడ్డెక్కించింది. ఆవిడ పాత కారులో అన్నీ మాట వినేవి, కిటికీ అద్దాలు తప్ప. స్విచ్చి నొక్కితే మూలిగి, సగం దూరం ఎక్కి ఆగేవి. ఆవిడ అద్దాన్ని రెండు అరచేతులతో అదిమిపట్టి పైకి నెట్టేది. “ముసలిది పాపం, కాస్త సాయం పట్టాలి,” అనేది.

“వాన వెలిశాక ఎక్కుతుంది లెండి మేడమ్ మీ అద్దం!” అని నేర్చుకునేవాళ్లు ఏడిపించేవారు.

ఆ మాట విని ఫిజిక్సు చదివిన అల్లుడికి రోషం వచ్చింది. ఒక ఆదివారం తలుపులు విప్పదీశాడు. అద్దం జారే రబ్బరు గాడిలోని మట్టి తుడిచి, సిలికాన్ స్ప్రే కొట్టాడు. అద్దం కాస్త తేలికపడింది. అక్కడితో ఆగితే బాగుండేది. పాత సన్నవైర్లలో కరెంటు సగం దారిలోనే నీరసపడుతోందని, రిలేలనే చిన్న కరెంటు మీటలు పెట్టి బ్యాటరీ నుంచి మోటార్లకి నేరుగా లావువైర్లు లాగాడు. అద్దం రివ్వున ఎక్కింది. అత్తగారు చప్పట్లు కొట్టింది.

ఇవాళ పాపని బడి నుంచి తెస్తుంటే చినుకులు మొదలయ్యాయి. స్టీరింగు దగ్గర అతను, పక్కన అత్తగారు, వెనక పాప.

“చేతులు లోపలే ఉన్నాయా బంగారం?” అని అతను తల తిప్పకుండానే అడిగాడు.

“ఆ!”

వెనక అద్దం స్విచ్చి నొక్కాడు. పాప కేక పెట్టింది. వెంటనే అద్దం దించాడు గానీ, నలగాల్సింది నలిగింది.

“అద్దానికి సాయం చేశా నాన్నా,” అంది పాప వెక్కుతూ. చేతులు లోపలే ఉన్నాయి. వేళ్ల కొసలు మాత్రం అద్దం అంచు మీద ఉన్నాయి.

వేగం పెరిగిందని మురిశాడే గానీ, మోటారుకి బలమూ పెరిగిందని అతనికి తట్టలేదు. పాత అద్దమైతే వేలు అడ్డొస్తే చాలు, ఆగిపోయేది. చదివింది అదే, తట్టనిదీ అదే. కూతురి మొహం చూడలేక గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

“అలా నెట్టడం నన్ను చూసే నేర్చుకుంది,” అంది అత్తగారు. “నువ్వు బలం పెట్టావు, నేను చెయ్యి పెట్టించాను. చెరి సగం.”

“కాదత్తయ్యా, తప్పంతా నాదే.”

“వాటాల కోసం కొట్టుకోడానికి ఇదేమన్నా ఆస్తా?”

అతనికి నవ్వు రాలేదు. ఆవిడా నవ్వలేదు.

డాక్టరు వచ్చి ఎముక విరగలేదని, వాపు తగ్గేదాకా కట్టు ఉంచితే చాలని చెప్పాడు. అత్తగారు పైటతో కళ్లొత్తుకుంది.

“మీ అమ్మాయికి ఏమని చెప్పను?”

“జరిగిందే చెప్పు. నన్ను కూడా కలిపి చెప్పు.”

“ఇంటికెళ్లగానే ఆ వైర్లు పీకేస్తాను.”

“పీకెయ్. గాడి శుభ్రం చేశావుగా, అది చాలు.” పాపని ఒళ్లోకి తీసుకుంటూ ఆవిడ అంది, “రేపు ఎంత కొత్త బండి కొన్నా సరే, పిల్లల్ని నోటితో అడక్కు బాబూ. తల తిప్పి చూడు. నోరు ‘ఆ’ అంటుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.”

ఇప్పుడతను స్విచ్చి నొక్కేముందు బండి పక్కకి ఆపుతాడు. వెనక ఎన్ని హారన్లు మోగినా, పాప రెండు చేతులూ కంటికి కనబడేదాకా తిరిగి చూస్తాడు.